పాత ల్యాప్‌టాప్‌లపై ఆపరేటింగ్ సిస్టమ్ అనుకూలత: తెలుగు పరిశోధన పాఠాల దృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తరువాతి కూర్పైన విండోస్ 11ను స్వీకరించే అర్హత 2017కు పూర్వపు ల్యాప్‌టాప్‌లలో దాదాపు వేటికీ లేదు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఒక యంత్రంపై నడవడం, నడవకపోవడం అనేవి ఏయే అంశాలపై ఆధారపడి ఉంటాయో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగులో పరిశోధన చేసేవారి విషయంలో యంత్రం కంటె అందులోని పాఠమే ఎక్కువ ప్రమాదంలో ఉన్నదని, కనుక వ్యవస్థను మార్చే ముందు పాఠాన్ని యంత్రం నుండి విముక్తం చేయవలసి ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆపరేటింగ్ సిస్టమ్, అనుకూలత, డ్రైవర్, విండోస్ 11, లినక్స్, యూనికోడ్, అను లిపి, పేజ్‌మేకర్.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో పరిశోధకుల చేతుల్లో కనిపించే ల్యాప్‌టాప్‌లు అన్నీ కొత్తవి కావు. ఎం.ఏ.లో చేరిన ఏడాది కొన్న యంత్రంతోనే పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం కూడా పూర్తిచేసేవారు ఉన్నారు. వ్యాసం టైపు చేసుకోవడానికి, పీడీఎఫ్‌లు చదువుకోవడానికి, గ్రంథసూచి దిద్దుకోవడానికి ఎనిమిది పదేళ్ళనాటి యంత్రం సరిపోతుంది కూడా. అటువంటి యంత్రాన్ని ఒకరోజు మరమ్మతు దుకాణానికి తీసుకెళితే ‘దీనిమీద కొత్త విండోస్ ఎక్కదు’ అన్న మాట వినవలసివస్తుంది. ఆ మాట నిజమే కావచ్చు. అయితే అది తీర్పును చెబుతుంది గాని కారణాన్ని చెప్పదు.

కారణం తెలియనప్పుడు పరిశోధకుడి ముందు రెండే దారులు కనిపిస్తాయి: కొత్త ల్యాప్‌టాప్ కొనడం, లేదా మద్దతు లేని వ్యవస్థతో కాలం గడపడం. మొదటిది ఖర్చుతో కూడినది. రెండవది ప్రమాదంతో కూడినది. ఈ రెండింటి నడుమ ఉన్న దారులు కనిపించాలంటే ‘ఎక్కదు’ అన్న ఒక్క మాటలో కలిసిపోయిన వేర్వేరు సంగతులను విడదీసి చూడాలి.

2. అనుకూలతలోని అంచెలు

ఆపరేటింగ్ సిస్టమ్‌కూ యంత్రానికీ మధ్య పొత్తు ఒకచోట కుదిరేది కాదు. అది కనీసం నాలుగు అంచెల్లో కుదరాలి.

మొదటిది ప్రాసెసర్. ప్రతి ప్రాసెసర్‌కూ తాను అమలు చేయగల ఆదేశాల పట్టిక ఒకటి ఉంటుంది. వ్యవస్థను నిర్మించినవారు ఆ పట్టికలో లేని ఆదేశాన్ని వాడితే యంత్రం మొదలే కాదు. 2024లో వెలువడిన విండోస్ 11 కూర్పు, అంటే 24హెచ్2, ఇందుకు చక్కని ఉదాహరణ. ఒక సంఖ్యలోని ఒకట్లను లెక్కించే ‘పాప్‌కౌంట్’ అనే చిన్న ఆదేశాన్ని ఆ కూర్పు తప్పనిసరి చేసింది. ఇంటెల్ ప్రాసెసర్‌లలో ఈ ఆదేశం 2008 నాటి నెహలెం తరంతో ప్రవేశించింది. అంతకు ముందరి కోర్ 2 డ్యుయో ల్యాప్‌టాప్‌లో ఎన్ని ఉపాయాలు పన్నినా ఈ కూర్పు తెరుచుకోదు. ఇది యంత్రపు నిజమైన అశక్తత. 32-బిట్ ప్రాసెసర్‌ల పరిస్థితీ ఇటువంటిదే. విండోస్ 11కు 32-బిట్ కూర్పు లేదు. విండోస్ 10తోనే ఆ శాఖ ఆగిపోయింది.

రెండవది ఫర్మ్‌వేర్. మీట నొక్కగానే ఆపరేటింగ్ సిస్టమ్ కంటె ముందు మేలుకొనే చిన్న కార్యక్రమం ఇది. పాతవాటిలో బయోస్, తరువాతివాటిలో యూఈఎఫ్ఐ. రెండింటికీ డిస్కును విభజించే పద్ధతులు వేరు. యూఈఎఫ్ఐ ఉన్న ల్యాప్‌టాప్‌లలో కూడా చాలావాటిని విండోస్ 7 కాలంలో బయోస్ పద్ధతికి మార్చి వాడారు. అటువంటి యంత్రం కొత్త వ్యవస్థను తిరస్కరిస్తే అది యంత్రదోషం కాదు, ఒకప్పటి అమరికకు ఫలితం మాత్రమే. అమరిక మారిస్తే చిక్కు తీరుతుంది.

మూడవది డ్రైవర్. వైఫై, ధ్వని, తెర, వేలితో కదిపే టచ్‌ప్యాడ్, కెమెరా, ముద్రణయంత్రం, స్కానర్ — వీటిలో ప్రతిదానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడే ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీయే డ్రైవర్. దీన్ని రాసేది సాధారణంగా విడిభాగాన్ని తయారుచేసిన సంస్థ. ఆపరేటింగ్ సిస్టమ్ తన లోపలి కట్టడాన్ని మార్చుకుంటే పాత డ్రైవర్‌లు చెల్లవు. కొత్తవి రాయడానికి ఆ సంస్థకు వ్యాపారకారణం ఉండదు. 2007 జనవరిలో విండోస్ విస్టా వచ్చినప్పుడు జరిగింది ఇదే. తెరకు సంబంధించిన డ్రైవర్‌ల నమూనా పూర్తిగా మారింది. 64-బిట్ కూర్పులో డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ను వ్యవస్థ అంగీకరించలేదు. ఎక్స్‌పీపై నిక్షేపంగా పనిచేసిన పరికరాలు విస్టాపై మూగబోయాయి. తాళపత్రాలను, పాత పత్రికలను స్కాన్ చేసుకునే పరిశోధకులకు ఈ అంచె అన్నింటికంటె ముఖ్యమైనది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా పాత స్కానర్‌కు డ్రైవర్ దొరక్కపోవచ్చు.

నాలుగవది విధానం. ఫలానా తరం యంత్రాలకు మేము బాధ్యత వహిస్తాము, ఫలానా తరానికి వహించము అని వ్యవస్థను తయారుచేసిన సంస్థ చేసే ప్రకటన ఇది. మొదటి మూడూ సాంకేతిక విషయాలు. ఈ నాలుగవది వ్యాపారనిర్ణయం. పై మూడు అంచెల్లో ఏ అడ్డంకీ లేని యంత్రం ఈ ఒక్క అంచెలో ఆగిపోవడం నేటి సమస్యకు కేంద్రం.

ఈ నాలుగింటితో సంబంధం లేని ఇంకొక లోపాన్ని కూడా జనం అనుకూలత ఖాతాలోనే వేస్తుంటారు. అది నెమ్మది. 2015 ప్రాంతపు ల్యాప్‌టాప్ విండోస్ 10తో తెరుచుకోవడానికి నిమిషాలు పట్టడానికి సాధారణంగా కారణం తిరుగుడు పళ్ళెంతో పనిచేసే హార్డ్ డిస్క్. దాని స్థానంలో అదే కొలత గల ఎస్ఎస్‌డీని అమర్చి, వీలైతే ర్యామ్‌ను 8 జీబీకి పెంచితే ప్రాసెసర్‌ను తప్పుపట్టవలసిన అవసరమే చాలాసార్లు రాదు.

3. విండోస్ 11 గీసిన గీత

2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11 కనీస అవసరాలను చూస్తే మొదట అవి తేలికగానే కనిపిస్తాయి: రెండు కోర్‌లు గల 64-బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. పదేళ్ళనాటి సాధారణ ల్యాప్‌టాప్ వీటిని దాటగలదు. అసలు అడ్డుగోడలు తరువాత ఉన్నాయి. సెక్యూర్ బూట్ సామర్థ్యంగల యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఆమోదిత ప్రాసెసర్‌ల జాబితాలో చోటు అనే మూడూ కావాలి. ఇంటెల్‌లో ఎనిమిదవ తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుండి ఈ జాబితా ప్రధానంగా మొదలవుతుంది.

వీటిలో టీపీఎం విషయంలో తొందరపడి నిరాశ చెందరాదు. తాళాల సంకేతాలను భద్రపరిచే ఈ భాగం చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోనే ఇమిడి ఉండి, బయోస్ అమరికల్లో ఆపివేసి ఉంటుంది. దాన్ని తెరిస్తే పరీక్ష దాటిన యంత్రాలు ఉన్నాయి. టీపీఎం 1.2 మాత్రమే ఉన్నవాటికి ఆ అవకాశం లేదు.

ప్రాసెసర్‌ల జాబితా సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ తన నిర్ణయానికి భద్రత, స్థిరత్వం అనే కారణాలను చూపింది. కనీస అవసరాలు తీరని యంత్రాల్లో కెర్నెల్ స్థాయి వైఫల్యాలు 52 శాతం అధికంగా కనిపించాయని 2021లో ప్రకటించింది. ఈ కారణాలను కొట్టిపారవేయనక్కరలేదు. అయితే గీత ఎక్కడ పడిందన్నది గమనించదగినది. ఇంటెల్ ఏడవ తరం ప్రాసెసర్‌లు 2016లో వచ్చాయి. వాటితో తయారైన ల్యాప్‌టాప్‌లు ఆ తరువాత కొన్నేళ్ళపాటు అమ్ముడయ్యాయి. ఆ తరమంతా దాదాపుగా గీతకు అవతల మిగిలింది. మినహాయింపు పొందిన కొద్దింటిలో కోర్ ఐ7-7820హెచ్‌క్యూ ఒకటి. మైక్రోసాఫ్ట్ తానే తయారుచేసి 2018లో విడుదల చేసిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది ఆ ప్రాసెసరే. గీత పూర్తిగా సిలికాన్‌లో లేదని, కొంత కాగితంపైన కూడా ఉన్నదని ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

ఈ జాబితాను తప్పించుకొని విండోస్ 11ను ఎక్కించే పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. అవి పనిచేస్తాయి కూడా. కాని అర్హత లేని యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆటలకో, ప్రయోగాలకో వాడే యంత్రంపై ఈ సాహసం చేయవచ్చు. సిద్ధాంతగ్రంథం ఉన్న ఏకైక యంత్రంపై చేయదగినది కాదు.

విండోస్ 10ను అలాగే ఉంచుకోదలచినవారికి గడువు పొడిగింపు ఒకటి ఉంది. వ్యక్తిగత వినియోగదారులకు విస్తరించిన భద్రతా నవీకరణలు 2026 అక్టోబరు 13 వరకు అందేలా ఏర్పాటు జరిగింది. విద్యాసంస్థలకు దీని రుసుము నామమాత్రం: ఒక్కొక్క యంత్రానికి మొదటి ఏడాది 1 డాలరు, రెండవ ఏడాది 2 డాలర్లు, మూడవ ఏడాది 4 డాలర్లు. కళాశాల ప్రయోగశాలలోని యంత్రాలను తుక్కుకు పంపేముందు యాజమాన్యాలు ఈ లెక్క చూసుకోవడం అవసరం. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు కూడా అదే 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసిందన్నది అంతగా ప్రచారం పొందని సంగతి.

మద్దతు ముగిసిన మరునాడు యంత్రం ఆగిపోదు. అందుకే ప్రమాదం అర్థంకాదు. మొదట దెబ్బతినేది బ్రౌజర్. క్రోమ్ 2023 ఫిబ్రవరిలో 110వ కూర్పుతో విండోస్ 7ను, 8.1ను వదిలివేసింది. ఆపై వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు. 2021 సెప్టెంబరు 30న ఒక ప్రధాన మూలధ్రువపత్రం గడువు తీరినప్పుడు, కొత్త ధ్రువపత్రాన్ని పొందని పాత పరికరాలు ఎన్నో సైట్లను ప్రమాదకరమైనవిగా చూపించాయి. సైట్లలో ఏ మార్పూ లేదు. పరికరం నమ్మకాల జాబితా పాతబడింది, అంతే. శోధగంగ వంటి భాండాగారాలపై, ఈ-పత్రికలపై ఆధారపడే పరిశోధకుడికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

4. తెలుగు లిపి: ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక భాగం

ఆంగ్లంలో పనిచేసేవారికి ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు అంటే పైన చెప్పిన నాలుగు అంచెలే. తెలుగులో పనిచేసేవారికి మరొకటి ఉంది. తెలుగు అక్షరం తెరపై కుదురుగా కనబడాలంటే సంకేతం, ఫాంటు ఉంటే చాలదు. హల్లులు, పొల్లు, గుణింతపు గుర్తులు వరుసగా వచ్చినప్పుడు వాటిని కలిపి ఒక్క అక్షరంగా కూర్చే యంత్రాంగం కావాలి. ‘స్త్రీ’ అన్న అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస. దాన్ని ఒక్క ముద్దగా చూపించే పని విండోస్‌లో వ్యవస్థకు చెందిన కూర్పుయంత్రాంగానిది. కనుక ఆపరేటింగ్ సిస్టమ్ మారితే తెలుగు కనబడే తీరు కూడా మారవచ్చు.

యూనికోడ్ మొదటి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దొరికింది. విండోస్‌లో తెలుగుకు మద్దతు, గౌతమి ఫాంటు 2001లో ఎక్స్‌పీతో వచ్చాయి. అప్పుడు కూడా సంశ్లిష్ట లిపుల మద్దతును నియంత్రణ ఫలకంలోకి వెళ్ళి విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల యూఐ చేరాయి. విండోస్ 10కు వచ్చేసరికి గౌతమి, వాణి ఫాంట్లు ఐచ్ఛిక భాగాల జాబితాలోకి వెళ్ళాయి. అంటే కొత్తగా ఎక్కించిన వ్యవస్థలో అవి తమంతట తాముగా ఉండకపోవచ్చు.

ఈ చిన్న మార్పు ఫలితాన్ని సిద్ధాంతగ్రంథాలు దిద్దేవారు బాగా ఎరుగుదురు. గౌతమిలో కూర్చిన అధ్యాయాన్ని ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే వ్యవస్థ మరొక ఫాంటును ఆదేశం లేకుండానే పెడుతుంది. అక్షరాల వెడల్పు మారుతుంది. పంక్తులు జరుగుతాయి. పుటసంఖ్యలు మారుతాయి. విషయసూచికను చేత్తో టైపు చేసి ఉంటే అది తప్పుల పట్టికగా మిగులుతుంది. పర్యవేక్షకుడి యంత్రంలో 212వ పుటలో ఉన్న పద్యం పరిశోధకుడి యంత్రంలో 219లో కనిపించడం వెనుక రహస్యం ఇదే. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి వంటి స్వేచ్ఛా ఫాంట్లను ఎంచుకొని, ఫాంటు ఫైలును కూడా గ్రంథంతోపాటు భద్రపరచుకుంటే ఏ వ్యవస్థకు మారినా ఈ చిక్కు రాదు.

శాసనభాషపై పనిచేసేవారికి ఇంకొక ఇబ్బంది ఉంది. యూనికోడ్‌లోని తెలుగు పట్టిక 1991తో పూర్తికాలేదు. దంత్య చ, జలకు ౘ, ౙలు 2008లో చేరాయి. ప్రాచీన శాసనాల్లో కనిపించే ఴ 2014లోను, ౚ 2015లోను, నకారప్పొల్లు 2021లోను చేరాయి. 2001 నాటి ఫాంటులో వీటికి రూపాలు ఉండే అవకాశమే లేదు. కనుక రేనాటి చోళుల శాసనపాఠాన్ని సరైన వర్ణాలతో రాసిపంపితే పాత వ్యవస్థ గల యంత్రంలో ఆ చోట్ల ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి. చదివేవారు దాన్ని లేఖకదోషమనుకొని ‘ళ’గానో ‘ఱ’గానో దిద్దితే పాఠమే మారిపోతుంది. అనుకూలత లోపం పాఠపరిష్కరణ లోపంగా పరిణమించే సందర్భం ఇది.

కూర్పుయంత్రాంగం ఎంత లోతైన భాగమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. ‘జ్ఞా’ అక్షరానికి సంబంధించిన ఒక సంకేతక్రమాన్ని చూపించబోయి ఐఫోన్‌లు, మ్యాక్‌లలోని కార్యక్రమాలు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6 కూర్పుతో ఆపిల్ దాన్ని సరిదిద్దింది. నవీకరణలు అందే పరికరాలకు రోజుల్లో పరిష్కారం లభించింది. తెలుగు అక్షరానికి సంబంధించిన సవరణ కూడా భద్రతా నవీకరణల దారిలోనే వస్తుందన్నది ఇక్కడ గ్రహించవలసిన అంశం.

5. ముద్రణ ఫాంట్ల వారసత్వం

యూనికోడ్‌లో తెలుగు చేరిన 1991కీ, విండోస్‌లో అది అందుబాటులోకి వచ్చిన 2001కీ మధ్య పదేళ్ళ ఖాళీ ఉంది. డీటీపీ కేంద్రాలు వికసించిన కాలం కూడా అదే. ఆ ఖాళీని నింపినవి అను వంటి ముద్రణ ఫాంట్లు. యూనికోడ్ వచ్చిన తరువాత కూడా పేజ్‌మేకర్ దాన్ని గుర్తించని కారణంగా ముద్రణరంగం ఆ ఫాంట్లనే కొనసాగించింది. తెలుగు శాఖల్లో సమర్పితమైన సిద్ధాంతగ్రంథాలు, సదస్సు సంచికలు, సంకలనాలు లెక్కకు మిక్కిలిగా ఈ రూపంలోనే ఉన్నాయి.

వీటి నిర్మాణం తెలుసుకుంటే ప్రమాదం అర్థమవుతుంది. ఈ ఫాంట్లు తెలుగును అక్షరాలుగా నిల్వచేయవు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అన్న ముక్కలుగా విడదీసి, లాటిన్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో కూర్చోబెడతాయి. యంత్రం దృష్టిలో అక్కడ ఉన్నది కొన్ని లాటిన్ గుర్తుల వరుస. దానిపై తెలుగు బొమ్మల ముసుగు ఉంటుంది. ఫాంటు ఉన్నంతవరకే ఆ ముసుగు. ఫాంటు లేని యంత్రంలో అదే ఫైలు అర్థంలేని గుర్తుల గుంపు. అలా తయారైన పీడీఎఫ్‌లో ఫాంటు ఇమిడి ఉండటం వలన కంటికి తెలుగు కనిపిస్తుంది గాని, ఒక పదాన్ని వెదికితే దొరకదు, ఒక వాక్యాన్ని నకలు తీస్తే తెలుగు రాదు. ఆకారాది క్రమం కుదరదు. భావచౌర్యాన్ని పట్టే సాఫ్ట్‌వేర్‌కు కూడా అది చదవదగిన పాఠం కాదు.

ఇప్పుడు పాత ల్యాప్‌టాప్ సంగతికి వస్తే, ఇటువంటి ఫైళ్ళను తెరిచి సవరించాలంటే మూడు పాత వస్తువులు ఒకేచోట కలిసి బతికి ఉండాలి: పేజ్‌మేకర్, ఆ ఫాంట్లు, ఆ కీబోర్డును నడిపే కార్యక్రమం. పేజ్‌మేకర్ 7.0 విడుదలైనది 2001లో. ఆ తరువాత పేజ్‌మేకర్‌కు మరొక ప్రధాన కూర్పు రాలేదు. ఆ తరువాతి విండోస్ కూర్పులలో అది నడిస్తే సంతోషించవలసిందే గాని నడుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఆనాటి భారతీయ భాషా సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ తాళంతో వచ్చేవి. నేటి ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు లేదు. పోర్టు ఉన్నా తాళానికి 64-బిట్ డ్రైవర్ ఉండకపోవచ్చు. ఒక ఆచార్యుడి ముప్పై ఏళ్ళ వ్యాసాలు ఒక పాత యంత్రంలో ఉండి, ఆ యంత్రం చెడితే పోయేది యంత్రం విలువ కాదు.

యూనికోడ్‌లోకి మార్చే పరివర్తకాలు ఉన్నాయి. అవి పనిలో అధికభాగం చేసిపెడతాయి. మిగిలినది మాత్రం మనిషే చేయాలి. పరివర్తనలో వచ్చే దోషాలకు కొన్ని స్థిరమైన కారణాలు ఉన్నాయి. అక్షరానికి ముందే ముద్రించే క్రారవడి వంటి ముక్కలు తెరపై కనిపించే క్రమంలో నిల్వ ఉంటాయి. ఉచ్చారణక్రమం అది కాదు. పరివర్తకం వాటిని సరైన చోటికి జరపాలి. ఒక ఫాంటు కూర్పుకూ మరొక కూర్పుకూ ముక్కల స్థానాలు మారవచ్చు. కనుక ఫైలు ఏ కూర్పులో తయారైందో ముందుగా తెలియాలి. తెలుగు మధ్యలో వచ్చిన ఆంగ్లపదాలు, అంకెలు మరొక చిక్కు. ఏ భాగం ఏ ఫాంటులో ఉన్నదన్న సమాచారం మూలఫైలులో మాత్రమే ఉంటుంది. పాఠాన్ని సాదాగా నకలు తీసి పరివర్తకంలో వేస్తే ఆ సమాచారం పోయి, ఆంగ్లపదం కూడా తెలుగు ముక్కలుగా మారుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్నచోట పొల్లు తరువాత ఉండవలసిన అదృశ్యసంకేతం జారిపోయి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కంటికి ఇది చిన్న తేడా. వెదుకులాటకు మాత్రం అవి రెండు వేర్వేరు పదాలు.

కనుక పరివర్తన పాత యంత్రం పనిచేస్తుండగానే జరగాలి. మూలరూపం ఎలా ఉన్నదో పక్కన పెట్టుకొని పోల్చిచూసే అవకాశం అప్పుడే ఉంటుంది. పద్యాలు, శాసనపాఠాలు, అరసున్నలు, శకటరేఫలు గల భాగాలను మొదట సరిచూడాలి. వచనంలో దొర్లిన దోషాన్ని సందర్భం పట్టిస్తుంది. పద్యంలో ఛందస్సు కొంత పట్టిస్తుంది. శాసనంలో పట్టించేది ఏదీ లేదు.

6. పాత యంత్రానికి మిగిలిన దారులు

పాఠం భద్రమైన తరువాత యంత్రం విషయం తేలికపడుతుంది. విండోస్ 11 గీత అవతల ఉన్న 64-బిట్ ల్యాప్‌టాప్‌కు లినక్స్ సహజమైన ప్రత్యామ్నాయం. లినక్స్ మింట్ వంటి పంపిణీ 2 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది. 4 జీబీ ఉంటే సౌకర్యంగా నడుస్తుంది. డ్రైవర్‌లలో అధికభాగం కెర్నెల్‌లోనే ఉండటం దీని ప్రత్యేకత. తయారీదారు వదిలేసిన స్కానర్ లినక్స్‌లో పనిచేసిన సందర్భాలు తక్కువేమీ కావు.

అయితే లినక్స్ ఏ పాత యంత్రంపైనైనా నడుస్తుందన్న ప్రచారంలో నిజం సగమే. 1985 నాటి 386 ప్రాసెసర్‌కు 2013లో వచ్చిన 3.8 కెర్నెల్ వీడ్కోలు చెప్పింది. ఉబుంటు 2017లోనే 32-బిట్ డెస్క్‌టాప్ కూర్పును ఆపివేసింది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13ను 32-బిట్ ప్రాసెసర్‌పై ఎక్కించే ఏర్పాటు లేదు. బ్రాడ్‌కామ్ వైఫై భాగాలకు విడిగా డ్రైవర్ తెచ్చుకోవలసిరావచ్చు. వైఫై లేకుండా ఆ డ్రైవర్‌ను ఎలా దింపుకోవాలన్న ప్రశ్నకు సమాధానం జేబులోనే ఉంది: మొబైల్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి దాని అంతర్జాలాన్ని వాడుకోవడం.

తెలుగు విషయంలో లినక్స్ వెనుకబడి లేదు. ఐబస్ ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులు రెండూ లభిస్తాయి. పోతన, వేమన ఫాంట్లు డెబియన్ భాండాగారంలోనే ఉన్నాయి. లిబ్రేఆఫీస్‌లో వ్యాసరచనకు లోటు లేదు. చిక్కు వచ్చేది మార్పిడిలో. పర్యవేక్షకుడు వర్డ్‌లో, విద్యార్థి లిబ్రేఆఫీస్‌లో ఒకే ఫైలును అటూ ఇటూ దిద్దుకుంటే పాదసూచికలు, పట్టికలు స్థానం తప్పుతాయి. విశ్వవిద్యాలయం నిర్దేశించిన పద్ధతి వర్డ్‌పై ఆధారపడి ఉంటే, ఆన్‌లైన్ పరీక్షల పర్యవేక్షణ కార్యక్రమం విండోస్‌ను మాత్రమే ఒప్పుకుంటే, లినక్స్ ఒక్కదాన్నే నమ్ముకోవడం ఆచరణలో కుదరదు. క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ చదువుకోవడానికి, వెబ్ పనికి బాగానే ఉంటుంది. నెట్ నిలకడగా లేనిచోట సుదీర్ఘ రచనకు అది సరైనది కాదు. పాత మ్యాక్‌లకు ఆపిల్ గీసే గీతలు వేరు. అక్కడ 2019 నాటి కాటలీనా కూర్పు 32-బిట్ కార్యక్రమాలన్నింటినీ ఒకేసారి నిలిపివేసింది.

పేజ్‌మేకర్ ఫైళ్ళను అప్పుడప్పుడు తెరవవలసినవారికి కల్పిత యంత్రం మంచి ఉపాయం. వర్చువల్‌బాక్స్ వంటి కార్యక్రమంలో, లైసెన్సు ఉన్న పాత విండోస్‌ను కొత్త వ్యవస్థ కడుపులో ఎక్కించవచ్చు. ఎక్స్‌పీకి 512 ఎంబీ ర్యామ్ కేటాయిస్తే ధారాళం. దానికి అంతర్జాల సంబంధం ఇవ్వరాదు. ఫైళ్ళను ఉమ్మడి ఫోల్డర్ ద్వారా మాత్రమే చేరవేయాలి. ఈ కల్పిత యంత్రమంతా ఒకటి రెండు ఫైళ్ళుగా డిస్కుపై ఉంటుంది కనుక దాన్ని నకలు తీసి మరొక ల్యాప్‌టాప్‌కు మార్చుకోవచ్చు. ఒక ఇనుప పెట్టెకు కట్టుబడిన పాత పరిసరం ఆ విధంగా పెట్టె నుండి విడిపడుతుంది.

7. పని చేయవలసిన క్రమం

వ్యవస్థ మార్పులో నష్టాలు ఎక్కువగా క్రమం తప్పడం వలన జరుగుతాయి. యంత్రాన్ని దుకాణంలో ఇచ్చేముందే పాఠాల నకళ్ళు రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. వాటిలో ఒకటి ఇంట్లో లేని చోట ఉండాలి. నకలులో ఫైళ్ళతోపాటు ఫాంట్లు కూడా చేరాలి. ఫాంట్ల ఫోల్డర్ విండోస్ లోపల ఉంటుంది గనుక ‘డాక్యుమెంట్స్’ను మాత్రమే నకలు తీసేవారు దాన్ని మరచిపోతారు. ముఖ్యమైన గ్రంథాలకు మూడు రూపాలు ఉంచుకోవడం మేలు: మూలఫైలు, యూనికోడ్ పాఠం, ఫాంట్లు ఇమిడిన పీడీఎఫ్. దీర్ఘకాల భద్రతకు ఉద్దేశించిన పీడీఎఫ్/ఏ రూపం ఉన్నది గాని, దానిలో ‘బి’ స్థాయి కంటికి కనిపించే రూపానికే హామీ ఇస్తుంది. లోపలి పాఠం యూనికోడ్‌గా ఉండాలన్న నియమం ‘ఏ’ స్థాయిలో ఉంటుంది. అను లిపిలోని గ్రంథాన్ని ‘బి’ స్థాయిలో భద్రపరిస్తే అది భద్రంగానే ఉంటుంది, వెదకడానికి మాత్రం పనికిరాదు.

తరువాత పరీక్ష. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండే, డిస్కును ముట్టుకోకుండా నడిపి చూడవచ్చు. ఆ అరగంటలో వైఫై అందుతున్నదా, ధ్వని వస్తున్నదా, తెర వెలుగు తగ్గుతున్నదా, మూత మూసి తెరిస్తే యంత్రం మేలుకుంటున్నదా, ప్రొజెక్టర్‌కు కలిపితే బొమ్మ పడుతున్నదా అని చూడాలి. చివరిది తరగతిగదిలో పాఠం చెప్పే అధ్యాపకులకు ముఖ్యం. పిదప ఒక తెలుగు పుట టైపు చేసి, ‘స్త్రీ’, ‘జ్ఞానం’, ‘క్ష్మాపతి’, ‘ౙాలరి’ వంటి పదాలు కుదురుతున్నాయో లేదో పరిశీలించాలి. విండోస్ 11 విషయంలో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యంత్రం ఏ అంశంలో ఆగిందో చెబుతుంది. టీపీఎం, సెక్యూర్ బూట్ అని చెబితే బయోస్ అమరికలు చూడాలి. ప్రాసెసర్ అని చెబితే పైన చర్చించిన దారులను చూడాలి.

విండోస్ 11 కొత్తగా ఎక్కించినవారికి ఒక జాగ్రత్త అవసరం. 24హెచ్2 కూర్పును మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటినుండి ఎక్కించినప్పుడు డిస్కు తనంతట తానే సంకేతబద్ధం కావచ్చు. రికవరీ కీ ఆ ఖాతాలో నిల్వ ఉంటుంది. ఖాతాను దుకాణంలోని కుర్రవాడు తన మొబైల్ సంఖ్యతో తెరిచి ఉంటే, ఆరు నెలల తరువాత మదర్‌బోర్డు చెడిననాడు ఆ డిస్కులోని సిద్ధాంతగ్రంథానికి తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో పరిశోధకుడికి తెలియదు. వ్యవస్థను ఎక్కించిన రోజునే ఖాతా తన పేర ఉన్నదని నిర్ధారించుకొని, ఆ 48 అంకెలను కాగితంపై రాసి ధ్రువపత్రాల కట్టలో పెట్టుకోవాలి.